తాబేలు సెలవు చీటీ

తాబేలు కనబడలేదని ఫిర్యాదు వచ్చింది.

రాసినాయన ఊరికే రాయలేదు. టిక్కెట్టు కూడా జత చేశాడు. టిక్కెట్టు వెనక "తాబేలు, టేకు చేప, చిలక చేపల వీక్షణం" అని మండలివారే అచ్చు వేయించారు. టేకు చేప కనబడింది. చిలక చేప కనబడింది. తాబేలు మాత్రం రాలేదు. ఆయన ఆ సంగతి దీవిలో చెప్పి ఊరుకోకుండా పై పేషీకి రాశాడు. పై పేషీ ఆ కాగితం మూల మీద "తగు చర్య తీసుకొని నివేదించవలెను" అని గిలికి కిందికి తోసింది.

కాగితం స్టీమరెక్కి నత్తగుల్ల దీవికి చేరింది. దాన్ని అందుకోవడానికి అక్కడ ఎవరు ఉండకూడదో సరిగ్గా ఆ మనిషే ఉన్నాడు.

ఆయన పేరు పిసుపాటి సదానందం. దీవుల జలజీవ వీక్షణాభివృద్ధి మండలికి కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. ఆ ముప్ఫై ఒక్క ఏళ్లూ ప్రధాన కార్యాలయంలో ఒకే విభాగంలో గడిపాడు. సిబ్బంది విభాగం. హాజరు, సెలవు, మెమో, సంజాయిషీ, సస్పెన్షను... వీటి మధ్య పుట్టి పెరిగినట్టే ఉంటాడు. చేపల సంగతంటారా, ఆయన చేపను కంచంలో కూడా చూసి ఎరగడు. శాకాహారి.

ఫిర్యాదును రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, గైడును పిలిపించాడు.

ఆ గైడు సూరాడ దానేసు. తాతల నాడు సోంపేట వైపు నుంచి పడవలెక్కి వచ్చి దీవిలో పాతుకుపోయిన జాలరి కుటుంబం. కుర్రతనంలో అందరిలాగే దానేసూ వెరావల్ రేవుకి వలస పోయాడు. ఎనిమిదేసి నెలలు బోటు మీద, ఐసు గదిలో చేపలు పేర్చడం. ఒక ఏడు తిరిగొచ్చేసరికి మూడో కూతురు గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఎవరో మావయ్య ఒచ్చేడు" అంది. ఆ పూటే ఒట్టేసుకున్నాడు, మళ్లీ ఆ బోటెక్కనని.

ఏడేళ్లుగా పగడాల మడుగులో గైడు పని. టూరిస్టుల కళ్లకు అద్దం, నోటికి గొట్టం తగిలించి, నీళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, కింద లోకాన్ని చూపించడం. ఆయన పాఠం ఒక్కటే: "ముక్కున్న సంగతి మర్చిపోండమ్మా. నోటితో బతకండి." ఒడ్డున భార్య తోటమ్మ ఇడ్లీ పొయ్యి. నీళ్లలోంచి లేచినవాళ్లు ఆకలిగా ఉంటారు కాబట్టి ఇద్దరి పనీ సాగిపోతోంది.

"కూర్చోండి" అన్నాడు సదానందం. "ఫిర్యాదులో చెప్పిన రోజు తాబేలు ఎక్కడుంది?"

"సముద్రంలోన ఉండుంటాది బావూ."

"సముద్రం చాలా పెద్దది. దాని సీటెక్కడ?"

"సీటేటి బావూ?"

"రోజూ ఉండే చోటు."

"అదా. మడుగులోన నల్లరాయి పక్కన గడ్డి ఉంటాది. అక్కడ మేస్తాది."

"ఆ రోజు సీటులో లేదు. సరే. సెలవు చీటీ పెట్టిందా?"

దానేసు నవ్వాడు. అయ్యగారు సరదా మనిషనుకున్నాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. పక్కనే కూర్చున్న గుమాస్తా కామేశం కాగితం మీద 'నవ్వెను' అని రాసుకున్నాడు.

"ఇందులో నవ్వడానికేముంది?" అన్నాడు సదానందం చాలా శాంతంగా. "మడుగు ప్రభుత్వానిది. అందులో తిండి ప్రభుత్వానిది. నివాసం ఉచితం. ప్రతిఫలంగా ఇవి ప్రజలకు వీక్షణ సేవ అందించాలి. ప్రభుత్వ నివాసంలో ఉంటూ ప్రజలకు సేవ చేసేవాళ్లను ఏమంటాం, కామేశం?"

"ఉద్యోగులంటాం సార్."

"సేవ చేయకుండా ఉండేవాళ్లను?"

కామేశం కాసేపు ఆలోచించాడు. "వాళ్లనీ ఉద్యోగులే అంటాం సార్."

"కాబట్టి ఎటు చూసినా ఉద్యోగులే" అని తేల్చి, సదానందం కలం మూత తీశాడు.

*

ఉత్తర్వు మర్నాడే గోడకెక్కింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పగడాల మడుగులోని జలజీవ సిబ్బంది యావన్మందీ ఆదివారములు మినహా ప్రతిదినము ఉదయం పది గంటల నుండి సాయంత్రం ఐదు గంటల వరకు తమ తమ స్థానములలో ఉండవలెను. హాజరు తీసుకొను బాధ్యత గైడుది. నెలసరి హాజరు డెబ్బై ఐదు శాతమునకు తగ్గినచో మడుగు మూసివేయబడును. గైడు పర్మిట్ పునరుద్ధరింపబడదు."

డెబ్బై ఐదే ఎందుకని కామేశం అడిగితే, కాలేజీ పిల్లలకు సరిపోయిన అంకె చేపలకెందుకు సరిపోదని సదానందం తిరిగి అడిగాడు. 

దానేసు ఇంటికొచ్చి విషయం చెప్పాడు. పర్మిట్ ఈ నెలాఖరుతో ముగుస్తుంది.

తోటమ్మ ఇడ్లీ రేకులు కడుగుతూ అంతా విన్నది. "మూసీసిన మడుగు ఒడ్డున ఇడ్లీలెవుడు తింటాడు?"

"ఎవుడూ తినడు."

"అయితే మళ్లీ వెరావలేనేటి?"

 లోపల గదిలో మూడో కూతురు ఎక్కాలు చదువుతోంది. దానికి పదకొండేళ్లు. అది పుట్టాక కూడా దానేసు నాలుగేళ్లు బోటు మీదే ఉన్నాడు. మావయ్య ఒచ్చేడన్నది అదే.

"పోనీలే" అన్నాడు చివరికి. "హాజరే గదా. ఏసీద్దాం."

మర్నాటి నుంచి దానేసు మెడలో పలక, పలకకు కట్టిన పెన్సిలు. మొత్తం శాశ్వత సిబ్బంది నలభై. టూరిస్టులను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నీటికింద టిక్కులు పెట్టేవాడు. సదానందం ఒడ్డున గొడుగు కింద కుర్చీ వేసుకుని, చేతి గడియారం చూసుకుంటూ పర్యవేక్షించేవాడు. నీళ్లలో మాత్రం కాలు పెట్టేవాడు కాదు. పర్యవేక్షించేవాడు దిగకూడదని రూలు లేదు గానీ, దిగాలని కూడా లేదు.

ఇబ్బందులు మొదటివారంలోనే తలెత్తాయి.

ఆక్టోపస్ హాజరులోనే ఉండేది గానీ రాయిలా కనబడేది. ఇంకో రోజు గడ్డిలా కనబడేది. "ఫొటోతో పోల్చి చూశారా?" అని సదానందం అడిగాడు. పోల్చడానికి లేదని దానేసు చెప్పాడు. ఫొటోలో అది ఇసుకలా ఉంది.

రెండోవారం చిలక చేప గొడవ. గోధుమరంగు ఆడచేప కాస్తా రోజురోజుకీ రంగు తిరిగి, ఆకుపచ్చ మగచేప అయి కూర్చుంది. ఆ జాతికి అది మామూలేనని దానేసు ఎంత చెప్పినా కామేశం చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. సర్వీసు రిజిస్టర్లో 'కుమారి' అని రాసేశాడు మరి.

"ముందస్తు అనుమతి తీసుకుందా?" అన్నాడు సదానందం.

"ఎవుర్ని అడుగుతాది బావూ?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఎవర్ని అడిగి మారింది?"

అందరిలోకీ సదానందం మనసు దోచుకున్నది సముద్ర దోసకాయ. అప్పటిదాకా ఒక్కపూట గైరుహాజరు లేదు. సీటు వదిలి జానెడు కదల్లేదు. ఎవర్నీ పలకరించలేదు, ఎవరు కదిపినా పలకలేదు. ఏం పని చేస్తోందో ఎవరికీ తెలియదు, చేయడం లేదని రుజువు చేయడానికీ వీల్లేదు. "ఇదీ సర్వీసంటే" అన్నాడు సదానందం కళ్లజోడు తుడుచుకుంటూ. ఉత్తమ ఉద్యోగి పత్రానికి అట్ట కట్టించి దాని పక్కన ఇసుకలో పాతించాడు.

ఇంత జరుగుతున్నా హాజరు డెబ్బై ఏడూ, డెబ్బై ఆరూ మధ్య ఊగుతోంది. దానేసుకు ధైర్యంగానే ఉంది.

అప్పుడు సత్తెమ్మ మానేసింది.

*

సత్తెమ్మంటే తాబేలు. ఫిర్యాదు తెచ్చిపెట్టింది కూడా ఇదే. చిప్ప కుడి అంచున గుప్పెడంత ముక్క ఎగిరిపోయి ఉంటుంది. ఆ పేరు పెట్టింది తోటమ్మ. దీవిలో అందరికీ తెలుసు. టూరిస్టులు దాన్ని చూడ్డానికే వస్తారు. అది మెల్లగా తల తిప్పి, ముసలి పంతులమ్మలా ఒక చూపు చూసి, మళ్లీ గడ్డి మేసుకుంటుంది.

మూడు రోజులు వరసగా రాలేదు.

నాలుగో రోజు మెమో తయారైంది. "శ్రీమతి సత్తెమ్మ, తాబేలు, శాశ్వత సిబ్బంది, క్రమ సంఖ్య పదిహేడు. మీరు అనుమతి లేకుండా విధులకు గైరుహాజరైనందున మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." తడవకుండా ప్లాస్టిక్ కాగితంలో పెట్టి అంటించారు.

"దీన్ని ఆమె సీటులో పెట్టి రండి" అన్నాడు సదానందం.

"పెట్టను బావూ" అన్నాడు దానేసు. అది నోరు జారిన మాట కాదు. "ప్లాస్టిక్కు చూసి జెల్లిఫిష్ అనుకుని తినేత్తాది. తింటే సచ్చిపోతాది."

"మెమో తిని చచ్చిన ఉద్యోగి నా సర్వీసులో లేడు."

"అందరూ కాయితం మెమోలు తిని ఉంటారు బావూ. ఇది ప్లాస్టిక్కు."

సదానందం మెమోను నల్లరాయికి ఎదురుగా ఒడ్డు మీది కొబ్బరిచెట్టుకి అంటించి, 'అందజేయబడినట్లు భావించడమైనది' అని రాసుకున్నాడు.

ఆరో రోజు కథ ఇంకో మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం తణుకు నుంచి వచ్చిన భాస్కరమ్మగారు నీళ్ల మీద తేలుతోంది. అరవై దాటిన మనిషి. ఒడ్డున ఉన్నప్పుడు మోకాళ్ల నొప్పులు, నీళ్లలో మాత్రం తామరాకు. ఉన్నట్టుండి గొట్టం ఊడబీకి కేక పెట్టింది.

"అయ్యబాబోయ్! ఇదిగో నాయనా, తాబేలు! నా కిందే ఉంది! నా మొహంకేసే చూత్తంది!"

దానేసు మునిగి చూశాడు. కుడి అంచున ముక్క లేని చిప్ప. సత్తెమ్మే. పలక అందుకున్నాడు.

"టైమెంత?" ఒడ్డు మీంచి సదానందం గొంతు.

కామేశం చూశాడు. "ఐదూ పది సార్."

"అయితే అది రాలేదు."

"రాలేదంటారేంటండీ! ఇక్కడే ఉందిగదా!" అంది భాస్కరమ్మ.

"అమ్మా, మీరిప్పుడు చూస్తున్నది ప్రైవేటు తాబేలు" అన్నాడు సదానందం ఓపిగ్గా. "ఐదు దాటాక అదెవరో మండలికి తెలియదు. మండలి టిక్కెట్టు మీద ప్రైవేటు జంతువును చూడడం నిబంధనలకు విరుద్ధం. దయచేసి చూడకండి."

"చూసేశానండీ."

"అయితే చూడలేదని ఒక సంతకం చేయండి."

ఒడ్డుకొచ్చాక ఆవిడ తడిచేత్తోనే సంతకం చేసింది. "నాచేత పెట్టించావు, బాగానే ఉంది నాయనా. ఈ కళ్లచేత కూడా పెట్టించుకో మరి, రేపు అవి కాదంటే నాకు సంబంధం లేదు" అని తోటమ్మ బల్ల దగ్గరికి వెళ్లి ఆరు ఇడ్లీలు తింది.

ఏడో రోజు సత్తెమ్మను సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లో ఉన్న ఉద్యోగి ప్రధాన స్థానం వదిలి పోరాదు. పోయింది. అది రెండో నేరం. ఎనిమిదో రోజు విచారణ. కామేశం మోకాలిలోతు నీళ్లలో నిలబడి, నియమం ప్రకారం మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. ఒక ఎండ్రకాయ బొరియలోంచి బయటికొచ్చి చూసి, తనను కాదని తెలుసుకుని లోపలికి పోయింది. ఏకపక్షంగా నేరం రుజువైంది. డిస్మిస్ ఉత్తర్వు మీద సంతకం నెలాఖరు రోజుకి ఉంచారు.

ఆ నెలాఖరు మర్నాడే.

*

లెక్క చాలా తేలిక. నలభై మంది సిబ్బంది, ఇరవై ఆరు పనిదినాలు, మొత్తం వెయ్యి నలభై హాజర్లు. అందులో డెబ్బై ఐదు శాతమంటే ఏడువందల ఎనభై. ఆఖరి రోజు పలకలో ఎవరెవరు ఉంటారో దానేసుకి కంఠతా వచ్చు. సత్తెమ్మ రాకపోతే మొత్తం ఏడువందల డెబ్బై ఒకటి తేలుతుంది. తొమ్మిది తక్కువ. సత్తెమ్మ మానేసిన రోజులు, ఆ ఆఖరి రోజుతో కలిపి, సరిగ్గా తొమ్మిది.

తెల్లవారగానే పడవ తీశాడు. ఏం చేద్దామనో తనకే తెలియదు. బతిమాలితే వస్తుందా? తాబేలును బతిమాలిన వాళ్లెవరూ దీవిలో లేరు. దీవి చుట్టూ తెడ్డు వేసుకుంటూ, ఎవరూ పోని పడమటి ఇసుక వైపు తిరిగాడు.

అక్కడ ఆగిపోయాడు.

ఇసుక మీద, నీళ్ల అంచు నుంచి పైకి, ట్రాక్టరు చక్రం దొర్లినట్టు ఒక చార. పైన పొదల దగ్గర పెద్దగా ఇసుక ఎగజిమ్మిన గుర్తు. మళ్లీ కిందికి ఇంకో చార. ఎగజిమ్మిన ఇసుక అంచున చిప్ప అచ్చు పడి ఉంది, కుడివైపు గుప్పెడంత ముక్క లేకుండా.

దానేసు అక్కడే ఇసుకలో కూలబడి, ఒక్కడే, చేతులు తొడల మీద కొట్టుకుంటూ నవ్వాడు. ఈసారి రాసుకోవడానికి కామేశం లేడు.

ఇంటికొచ్చి చెప్పగానే తోటమ్మ పొయ్యి మీది గిన్నె దించేసింది.

"గుడ్లెట్టిందా?"

"ఎట్టింది. ఇందుకే రానేదు."

"ఆడది కనడానికి ఎల్తే దానికి మెమో ఇచ్చేరేటి!" తోటమ్మ మెడలోని తాళం చెవి తీసి రేకుపెట్టె తెరిచింది. పెళ్లిచీర, పిల్లల టీకా కార్డులు, వాటి అడుగున మడతపెట్టిన ఒక కాగితం. అంచులు పసుపుపచ్చగా అయిపోయాయి.

దానేసు దాన్ని గుర్తుపట్టాడు. పదకొండేళ్ల కిందట తోటమ్మ ఇదే మండలి ఆఫీసులో స్వీపరు. మూడో కానుపుకి సెలవడిగింది. ప్రధాన కార్యాలయం కుదరదంది. తర్వాత ఉద్యోగం మానేసి ఇడ్లీ పొయ్యి పెట్టుకుంది. కాగితం మాత్రం పారేయలేదు.

"ఇదెందుకే ఇప్పుడు?"

"నడు సెప్తాను."

*

సాయంత్రం నాలుగున్నర. బల్ల మీద రెండు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి సత్తెమ్మను తొలగిస్తూ, ఇంకొకటి మడుగు మూసేస్తూ. సదానందం కలం మూత తీశాడు.

తలుపు నెట్టుకుని తోటమ్మ లోపలికి వచ్చింది. వెనకాల దానేసు.

"బావూ, సత్తెమ్మ సెలవు సీటీ తెచ్చేను."

కలం ఆగింది. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో సెలవు చీటీ అన్న మాట విని ఆగని రోజు లేదు.

"ఏ సెలవు?"

"కానుపు సెలవు. పడమటి ఇసకలోన గుడ్లెట్టింది. మా ఆయన సూసొచ్చేడు."

"దరఖాస్తు ఉద్యోగి స్వయంగా పెట్టుకోవాలి."

కామేశం గొంతు సవరించుకున్నాడు. "ఉద్యోగి స్వయంగా రాయలేని స్థితిలో ఉంటే బంధువులు పెట్టవచ్చు సార్. రూలుంది."

సదానందం తోటమ్మ వైపు తిరిగాడు. "మీకూ తాబేలుకూ బంధుత్వమేమిటి?"

"ఏడేళ్లు దాని మీదే బతికేం బావూ. ఇంతకన్నా సుట్టరికం ఏటుంటాది?"

సదానందం దరఖాస్తు తీసుకుని చదివాడు. పెదవి విరిచాడు. "గుడ్లెన్ని?"

"నూరు దాటే ఉంటాయి బావూ" అన్నాడు దానేసు. "తవ్వి సూడకూడదు."

సదానందం కుర్చీలో వెనక్కి వాలాడు. నిజానికి ఆయన మొహంలో బాధే కనిపించింది. "అమ్మా, ఇద్దరు పిల్లలు దాటిన ఉద్యోగినికి ప్రసూతి సెలవు వర్తించదు. ఇక్కడ నూరు. నేను చేయగలిగిందేమీ లేదు."

"ఆ మాట నాకూ సెప్పేరు" అంటూ తోటమ్మ పాత కాగితం బల్ల మీద పరిచింది. "సదవండి బావూ."

సదానందం కళ్లజోడు సర్దుకున్నాడు. "...దరఖాస్తు తేదీ నాటికి ఉద్యోగినికి జీవించియున్న సంతానం ఇద్దరైనందున సెలవు తిరస్కరించడమైనది. సంతానపు లెక్కకు దరఖాస్తు తేదీయే ప్రమాణము. ఇంకను జన్మించని వారిని ఏ పరిస్థితిలోను లెక్కించరాదు..." చదవడం ఆపాడు. కింద సంతకం చూశాడు. పొడుగ్గా, తోక వంకరగా ఉంది.

పి. సదానందం.

గోడగడియారంలో నాలుగూ నలభై ఏడు.

"ఇది... నేనే రాశాను."

"తవరే బావూ. అప్పుడు పై ఆఫీసులోన ఉండీవోరు. సెలవియ్యనేదని పనికొచ్చేను. ఈ వరండా ఊడుస్తా ఊడుస్తానే నొప్పులొచ్చేయి."

"రూలు అలా ఉందమ్మా."

"అలాగే ఉండనీండి. ఇయ్యాలా అదే రూలు. సత్తెమ్మకి ఈ రోజుకి బతికున్న పిల్లలెందరు బావూ? ఇసకలోన ఉన్నవి గుడ్లు. ఒక్కటీ పగల్లేదు. పుట్టనోళ్లని లెక్కెట్టకూడదని తవరే రాసేరు."

సదానందం కామేశాన్ని చూశాడు. కామేశం అప్పటికే సర్వీసు రిజిస్టరు తిరగేస్తున్నాడు. "సత్తెమ్మ, తాబేలు... కుటుంబ వివరాలు... సంతానం, నిల్ సార్."

"పాత కానుపులు?"

"ఉన్నాయో లేవో తెలీదని గైడు అన్నాడు సార్. గడి ఖాళీగా ఉండకూడదని నిల్ రాశాను."

సదానందం మొహం మారడం దానేసు చూశాడు. మొదట అనుమానం, తర్వాత ఆశ్చర్యం, తర్వాత ఎప్పుడో పోగొట్టుకున్న వస్తువు దొరికినవాడి మొహం. నీళ్లలో మొదటిసారి తల ముంచిన టూరిస్టుల మొహాలు సరిగ్గా ఇలాగే ఉంటాయి.

"సంతానం నిల్. దరఖాస్తు సక్రమం. దరఖాస్తుదారు బంధువు." ఒక్కో మాటా చప్పరిస్తున్నట్టు పలికాడు. "నూట ఎనభై రోజులు. గైరుహాజరైన మొదటి రోజు నుంచి వర్తింపు. సెలవులో ఉన్నవాళ్లను సస్పెండ్ చేయడానికి లేదు, కాబట్టి సస్పెన్షను చెల్లదు. ప్రసూతి సెలవు కాలం డ్యూటీ కిందే లెక్క. కామేశం, కూడండి."

"ఏడువందల డెబ్బై ఒకటికి తొమ్మిది కలిపితే... ఏడువందల ఎనభై సార్."

"శాతం?"

"డెబ్బై ఐదు సార్. చుక్క అటూ లేదు, ఇటూ లేదు."

నాలుగూ యాభై ఎనిమిదికి పర్మిట్ మీద ముద్ర పడింది. దానేసు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. తోటమ్మ తన పాత కాగితాన్ని మళ్లీ మడతల ప్రకారమే మడిచి, కొంగున కట్టుకుంది.

"అది ఇక్కడ ఫైల్లో ఉంచుతారా?" అన్నాడు సదానందం, కాస్త ఆశగా.

"ఉంచను బావూ. మళ్లీ అవసరం పడతాది."

*

మర్నాడు పదిన్నరకు సత్తెమ్మ నల్లరాయి పక్కన గడ్డి మేస్తూ ప్రత్యక్షమైంది.

ఇది కొత్త చిక్కు. సెలవులో ఉన్న ఉద్యోగి ఆఫీసుకొచ్చినా పని చెప్పరాదు. కనబడడమే దాని పని కాబట్టి, దాన్ని చూడరాదు. ఆ రోజు నుంచి దానేసు పాఠంలో ఇంకో వాక్యం చేరింది: "అమ్మా, నల్లరాయి పక్కన ఒకావిడ ఉంటారు. ఆవిడ కానుపు సెలవులో ఉన్నారు. అటు సూడకండి." ఇది విన్నాక అటు తప్ప ఇంకెటూ చూసినవాళ్లు లేరు. సెలవులో ఉన్న తాబేలు ఉందట అని పక్క దీవుల నుంచి కూడా జనం వచ్చారు. సముద్ర దోసకాయ తన పత్రం పక్కన ఒంటరిగా పడుకుంది.

పడమటి ఇసుకలో గుంట చుట్టూ మండలివారు కర్రలు పాతించి బోర్డు కట్టారు: "ప్రసూతి విభాగము. నిశ్శబ్దము పాటింపవలెను."

గుడ్లు పెట్టిన యాభై ఎనిమిదో రోజు తెల్లవారుజామున సన్నగా చినుకులు. దానేసు కబురుతో సదానందం బూట్లు వేసుకుని, చంకలో కొత్త రిజిస్టరుతో వచ్చాడు. వెనక గొడుగుతో కామేశం.

ఇసుక ముందు చిన్నగా కుంగింది. తర్వాత ఉడికే గంజిలా కదిలింది. ఒక నల్లటి తల. పక్కన ఇంకోటి. తర్వాత బిలబిలమంటూ గుప్పెళ్ల కొద్దీ, అరచేతిలో పట్టేంత తాబేళ్లు, రెక్కలాడించుకుంటూ నీళ్లవైపు పరుగు.

"ఆగండి!" అన్నాడు సదానందం. "ఇంకా పది కాలేదు! నియామక పత్రాలు..."

ఆగలేదు. కొన్ని ఆయన బూట్ల పక్కనుంచి పోయాయి, కొన్ని బూట్ల మీంచే ఎక్కి దిగిపోయాయి. దానేసు కాకులను అదిలిస్తున్నాడు. తోటమ్మ కొంగుతో ఎండ్రకాయలను తోలుతోంది. సదానందం వాటి వెనకే నాలుగడుగులు నడిచాడు, ఇంకో నాలుగు. ఆయనకు తెలియకుండానే మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. దీవికొచ్చాక మొదటిసారి.

చివరి తాబేలు పిల్ల అలలో కలిసిపోయింది.

"తొంభై ఏడు సార్" అన్నాడు కామేశం. "చేరకముందే విధులు వదిలి పోయారు సార్. మెమో తయారు చేయమంటారా?"

సదానందం సముద్రాన్నే చూస్తున్నాడు. "దానేసూ, ఇవి తిరిగొస్తాయా?"

"శానా మట్టుకు రావు బావూ. సొరలున్నాయి, వలలున్నాయి. బతికిన ఆడవి మాత్రం ఇక్కడికే ఒత్తాయంటారు. ఈ ఇసకకే. కనడానికి."

"ఎన్నాళ్లకు?"

"ఇరవయ్యేళ్లో, పాతికేళ్లో."

సదానందానికి ఇంకా రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని ఆపేశాడు. రిజిస్టరు తెరిచి, కామేశం పట్టిన గొడుగు కింద, అలలు బూట్లలోకి పోతుంటే నిలబడే రాశాడు. తొంభై ఏడు గళ్లకూ కలిపి ఒకే మాట: 'పర్యటనలో ఉన్నారు'. తిరిగి వచ్చు తేదీ గడిలో 'సుమారు పాతికేళ్లకు. అనుమతించడమైనది'.

"అప్పటికి తవరుండరు గదా బావూ" అంది తోటమ్మ ఒడ్డు మీంచి.

"నేనుండను" అన్నాడు సదానందం. "ఫైలుంటుంది."

పొడుగ్గా, తోక వంకరగా సంతకం చేశాడు. రిజిస్టరు మూయబోయి, ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు గుర్తొచ్చినట్టు మళ్లీ తెరిచి, సంతకం కింద ఇంకో ముక్క చేర్చాడు.

'ప్రయాణ భత్యము వర్తించదు.'